పాత ట్రాక్టరు ట్రాలీని బాగు చేసుకొనుట

కీసర చుట్టుప్రక్కల ఏ గ్రామమునకు వెళ్ళినను, ఊరి చివర వేపచెట్టు క్రిందనో, బావి గడ్డ మీదనో ఒక పాత ట్రాక్టరు ట్రాలీ కనిపించును. చక్రములు నేలలోనికి దిగి యుండును. డబ్బాలో పిచ్చిమొక్కలు మొలచి యుండును. యజమానిని అడిగినచో "అది పనికిరాదు సార్, పాత ఇనుప సామాన్ల వానికి తూకానికి ఇచ్చేస్త" అనును. కొందరు దీనికి మారుగా మరొక పని చేయుదురు. పండుగ ముందర నీలిరంగు కొట్టించి, తలుపు మీద ఇలవేల్పు పేరు వ్రాయించి, టైర్లలో గాలి నింపి రోడ్డు మీదికి తెచ్చెదరు. మొదటివానికి పోవునది డబ్బు. రెండవవాని వలన ఇతరుల ప్రాణము పోవచ్చును.

ఈ రెంటికి నడుమ మూడవ దారి యొకటి ఉన్నది. దానిని ఒక రైతు ట్రాలీని ఉదాహరణగా తీసికొని చెప్పుచున్నాను. ఆయన కీసర మండలములోని ఒక చిన్న గ్రామమువారు. నాలుగెకరముల వరి, కొద్దిగా కూరగాయలు, రెండు గేదెలు ఉన్నవి. 2018 వేసవిలో పెంట ఎరువు తోలుచుండగా, దిగుడు దారిలో ట్రాక్టరు కొక్కెమునుండి ట్రాలీ పిన్ను ఎగిరిపోయినది. పిన్ను జారకుండ క్రింద పెట్టవలసిన లాకు ఎప్పుడో పోయి, దాని స్థానములో సెంట్రింగు కమ్మి చుట్టి యున్నారు. ట్రాలీ ప్రక్క కాలువలోనికి దూకినది. ఎరువు మీద కూర్చున్న కూలి మనిషికి కాలు విరిగినది. నాటినుండి ఆ ట్రాలీని ఇంటిలో ఎవరును ముట్టలేదు.

కిరాయి ట్రాలీలతో అయిదేండ్లు గడచినవి. 2023 ఏప్రిల్‌లో అకాల వర్షములు పడినపుడు ఊరిలో అందరి వడ్లును ఒకేసారి కల్లములో ఉన్నవి. కిరాయి ట్రాలీ రెండు రోజుల తరువాత గాని దొరకలేదు. అప్పటికి ఆయన వడ్లు తడిసి మొలకలు వచ్చినవి. 2024 జనవరిలో ఆయన నా వద్దకు వచ్చి "సార్, దానికి మళ్ళీ పానం పొయ్యొచ్చునా? మళ్ళీ ఎవరి కాలో విరుగదు గద?" అని అడిగినారు. రెండవ ప్రశ్నకు జవాబు దొరకనిదే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పరాదు.

బాగు చేయవచ్చునా, లేదా?

ముందుగా ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి పడియున్న ట్రాలీ క్రింద చేయి పెట్టక ముందు పొడుగు కర్రతో అన్ని మూలలు తట్టవలెను. మేము తలుపు తెరచిన రోజున కందిరీగల తుట్టె ఒకటి, తేళ్ళు మూడు బయటపడినవి. పాము లేకపోవుట మా అదృష్టము.

గడ్డి కోసి, మట్టి కడిగిన పిమ్మట చేయవలసిన మొదటి పనికి ఒక కొలత టేపు చాలును. ట్రాలీ అడుగు చట్రమును, అనగా ఛాసిస్‌ను, ఒక మూలనుండి ఎదుటి మూలకు అడ్డముగా కొలువుడు. తరువాత రెండవ జత మూలలను కొలువుడు. ఈ రెండు కొలతలును సమానముగా ఉండవలెను. పిమ్మట కొక్కెము తగిలించు వలయమునుండి ఎడమ ఇరుసు కొనకు ఒక దారము, కుడి ఇరుసు కొనకు ఒక దారము పట్టి చూడవలెను. అర అంగుళమునకు మించి తేడా ఉన్నచో ఇరుసు తన స్థానమునుండి జరిగినదన్నమాట. సాధారణముగా కమాను పట్టీల నడుమనుండు సెంటరు బోల్టు తెగి ఇట్లగును. అది చిన్న మరమ్మతే. కాని ఇరుసే వంగియున్నను, ఛాసిస్ ఛానళ్ళు మెలిపడి యున్నను మోహమాటము లేకుండ తూకమునకు ఇచ్చివేయుట మేలు. అట్టి దానిపై పెట్టిన డబ్బు నీళ్ళలో పోసినట్లే.

తుప్పు విషయము వేరు. అడుగు రేకు జల్లెడ అయినను భయపడనక్కర లేదు, రేకు మార్చుకొనవచ్చును. ఛానళ్ళను మాత్రము చిన్న సుత్తితో వరుసగా కొట్టుచు పోవలెను. మంచి ఇనుము ఖంగుమనును. లోపల తినివేసిన చోట చప్పుడు మొద్దుగా వచ్చి, పొరలు రాలును. ఈయన ట్రాలీకి వెనుక మూలలు రెండును అట్లే పలికినవి. పెంట ఎరువులోని మూత్రపు లవణములు, యూరియా పొడి, పొటాషు పొడి తేమతో కలిసి మూలలలో నిలిచియుండును. ఇనుమునకు అంతకంటె శత్రువు లేదు. ఎరువు తోలిన రోజు సాయంకాలము పది బిందెల నీళ్ళతో కడిగి, మూలలలో నీరు కారుటకు చిటికెన వ్రేలంత రంధ్రములు పెట్టించిన వారి ట్రాలీలు ఎంతో ఎక్కువ కాలము నిలుచుట నేను చూచుచున్నాను.

చక్రము, ఇరుసు

ఎద్దుబండి కాలములో ఆముదములో గడ్డి మసి కలిపి కందెన వేయనిదే బండి కదిలెడిది కాదు. కడచీల చూడనిదే పెద్దవారు కాడి ఎత్తనిచ్చెడివారు కాదు. ట్రాలీకి కందెన గ్రీజు, కడచీల స్ప్లిట్ పిన్ను. మనము ట్రాక్టరుకు ఇంజన్ ఆయిలు మార్చుట నేర్చుకొన్నాము గాని, దాని వెనుక వచ్చు చక్రములలో కూడ బేరింగులు ఉన్నవని మరచిపోయినాము.

చక్రము విప్పునపుడు జాకీ ఒక్కదానినే నమ్మి క్రింద దూరవద్దు. ఇరుసు క్రింద గట్టి కర్ర దిమ్మెలు పేర్చి, రెండవ చక్రమునకు ముందు వెనుక రాళ్ళు పెట్టవలెను. హైడ్రాలిక్‌తో డబ్బా లేచు ట్రాలీ అయినచో, డబ్బా లేపి క్రింద పని చేయునపుడు ఇనుప ఆసరా తప్పక పెట్టవలెను. నూనె గొట్టము పగిలిన క్షణములో డబ్బా పడును.

హబ్బులోనుండి తీసిన బేరింగులను కిరసనాయిలులో కడిగి, పాత గుడ్డతో తుడిచి వెలుతురులో చూడుడు. రోలర్ల మీద గుంటలు పడినను, నీలిరంగు తిరిగినను అది వేడికి పాడైనదని అర్థము. మార్చునపుడు లోపలి భాగముతోపాటు హబ్బులో బిగిసియుండు బయటి కప్పును కూడ మార్చవలెను. పాత కప్పులో కొత్త బేరింగు పెట్టుట పాత చెప్పులో కొత్త ముల్లు పెట్టుకొన్నట్లే. అరచేతిలో గ్రీజు పెట్టుకొని బేరింగును దానికి ఒత్తుచు, రోలర్ల నడుమనుండి గ్రీజు బయటికి వచ్చువరకు నింపవలెను. హబ్బు మొత్తము గ్రీజుతో కుక్కనవసరము లేదు, సగమునకు లోపు చాలును. ఎక్కువైన గ్రీజు వేడెక్కి సీలు త్రోసికొని వచ్చును.

తిరిగి బిగించు విధానములోనే చాలమంది పొరపాటు చేయుచున్నారు. చక్రమును చేతితో తిప్పుచు నట్టు బిగింపవలెను. చక్రము బరువుగా తిరుగుట మొదలు కాగానే ఆపి, నట్టును సుమారు ఆరవ వంతు చుట్టు వెనుకకు వదలి, రంధ్రము ఎదురుపడిన చోట కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొనలు విరువవలెను. పాత పిన్నును సరిచేసి మరల వాడుట, మేకు దూర్చుట వద్దు. కొద్ది రూపాయల పిన్నుకు కక్కుర్తి పడి చక్రమును పొలములో వదలి వచ్చిన వారిని ఇద్దరిని నేనెరుగుదును.

టైర్ల సంగతి. లారీకి పనికిరావని తీసివేసిన టైర్లను ట్రాలీకి వేయుట మనవైపు వాడుక. గంటకు 15, 20 కిలోమీటర్ల వేగమునకు అవి కొంతకాలము నడచును. కాని ప్రక్క గోడల మీద పగుళ్ళు లోతుగా ఉన్నచో, లోపలి దారములు కనిపించినచో ఆ టైరు వద్దు. టైరు ప్రక్కన చివరలో 4 అంకెలు అచ్చు పోసి యుండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. ఎండకు పడియున్న టైరు నడవకున్నను ముసలిదగును. మన రైతు టైర్లు చూచుటకు కొత్తవి, అరుగుదల లేదు. కాని 2011 నాటివి. గాలి నింపగానే ఒకటి ప్రక్కన బుడగ కట్టినది. రెంటిని తీసివేసినాము.

పెద్ద టైర్లలో కొన్నింటికి రిమ్ముపై ఇనుప లాకు రింగు ఉండును. అట్టి చక్రమును విప్పక ముందే గాలి పూర్తిగా తీయవలెను. గాలి కొట్టునపుడు రింగు సరిగా కూర్చుండక ఎగిరినచో మనిషి బ్రతుకడు. గొలుసు చుట్టి, ఎదురుగా నిలువక ప్రక్కనుండి గాలి నింపవలెను. టైరు ఉన్న రిమ్ముకు ఎన్నడును వెల్డింగు చేయించరాదు. లోపలి వేడికి టైరు బాంబు వలె పేలును. ఇది తెలియని వెల్డర్లు ఇంకను ఉన్నారు, కాబట్టి తెలిసిన రైతే చెప్పవలెను.

కొక్కెము, బారు

ట్రాక్టరుకు ట్రాలీని కలుపు బారు, దాని కొనలోని వలయము, పిన్ను, ఈ మూడింటి మీదనే అన్ని టన్నుల బరువు వ్రేలాడుచుండును. మన రైతు ట్రాలీ వలయము పై వైపు నున్నగా ఉన్నది, లోపలి వైపు పావు వంతుకు పైగా అరిగియున్నది. ఎవరును క్రిందినుండి చూడలేదు. వలయము మార్పించినాము. పిన్ను కొత్తది, దానికి గొలుసుతో కట్టిన లాకు పిన్ను కొత్తది వేయించినాము. సెంట్రింగు కమ్మిని ఆయన స్వయముగా తీసి బావిలో పారవేసినారు.

బారు మొదట్లో వెంట్రుక వంటి పగులు ఒకటి కనిపించినది. ఇట్టి పగుళ్ళు రంగు క్రింద దాగును. అందుకే రంగు వేయక ముందు తీగ బ్రష్షుతో గీకి చూడవలెనని చెప్పుచున్నాను. పగులు మీద నేరుగా వెల్డింగు పోసినచో అది లోపల నడచుచునే యుండును. పగులు రెండు కొనలలో చిన్న రంధ్రములు వేసి దానిని అక్కడనే ఆపి, గ్రైండరుతో వి ఆకారపు గాడి చేసి వెల్డింగుతో నింపి, పైన పట్టీ వేయవలెను. ఆ పట్టీ చదరముగా ఉండరాదు, కొనలు వజ్రము వలె కోసుగా ఉండవలెను. చదరపు పట్టీ చివర అడ్డముగా వేసిన వెల్డింగు గీత వద్దనే మరల విరుగును. కళాశాలలో చదివిన వ్యవసాయ యంత్రముల పాఠములో నాకు ఈ మాట దొరకలేదు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పది ఏండ్లుగా పని చేయుచున్న ఒక వెల్డరు చెప్పగా తెలిసికొన్నాను. కమాను పట్టీ విరిగినచో మాత్రము ఆయన కూడ వెల్డింగు చేయడు. వేడికి పట్టీ పదును చెడును, క్రొత్త పట్టీయే వేయవలెను.

కీసర రైతులకు ఒక సౌకర్యమున్నది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు మనకు దగ్గర. ఊరిలోనే సుత్తితో రేకు వంచుటకంటె, కొలతలు వ్రాసికొని వెళ్ళినచో అక్కడ రేకును కోసి, యంత్రముపై వంచి ఇచ్చెదరు. మేము అడుగునకు 10 గేజి, ప్రక్కలకు 14 గేజి రేకు తెచ్చినాము. బిగింపు పని ఊరిలోనే చేయించినాము. వెల్డింగుకు ముందు ట్రాలీని ట్రాక్టరునుండి విడదీయవలెను, లేనిచో ట్రాక్టరు విద్యుత్ భాగములు కాలవచ్చును.

రంగు గురించి ఎక్కువ చెప్పను. తుప్పు గీకిన రోజుననే మంచు పడక ముందు రెడ్ ఆక్సైడు ఒక పూత, ఆరిన పిదప మరొక పూత, ఆ పైన ఎనామిలు. వానకాలములో ఈ పని పెట్టుకొనవద్దు. గీకునపుడు ఛాసిస్ మీద గాని బారు మీద గాని చెక్కిన నంబరును చెరపవద్దు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రైలరు కూడ మోటారు వాహనమే, దానికి కూడ రిజిస్ట్రేషను ఉండవలెను. ఆ నంబరు పోయినచో కాగితములతో ట్రాలీని సరిపోల్చుట కష్టము. వ్యవసాయమునకని నమోదు చేయించిన ట్రాలీతో కిరాయికి ఇసుక తోలినచో, ప్రమాదము జరిగిన నాడు బీమా డబ్బు వద్ద చిక్కు వచ్చును. గ్రామాధికారులు ఈ మాటను రైతులకు ముందే చెప్పుట మంచిది.

ఎంత బరువు, ఎక్కడ బరువు

ఆయన ట్రాలీ డబ్బా 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అనగా 120 ఘనపుటడుగులు. దాని నిండుగా వడ్లు పోసినచో సుమారు 2 టన్నులు తూగును. అదే డబ్బా నిండుగా పొడి ఇసుక పోసినచో 5 టన్నులు దాటును, తడి ఇసుక ఇంకను ఎక్కువ. "నిండలేదు గద" అని ఇసుకను, మొరమును అంచువరకు పోయుటయే ఇరుసులు వంగుటకు ముఖ్య కారణము. 3 టన్నుల ట్రాలీలో ఇసుకను అడుగు ఎత్తుకు కొంచెము పైన ఆపవలెను. మేము డబ్బా లోపల తెల్లరంగుతో ఆ గీత గీసినాము.

రెండు చక్రముల ట్రాలీలో బరువు ఇరుసునకు కొద్దిగా ముందుండవలెను. మొత్తములో పదవ వంతు బారు మీద పడిన చాలును. బండికి వెనుక మొగ్గు వచ్చినచో ఎద్దుల మెడనుండి కాడి పైకి లేచునట్లే, ట్రాలీ వెనుక బరువైనచో బారు పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రములు పట్టు తప్పును. ట్రాలీని ట్రాక్టరు క్రింది డ్రాబారుకే తగిలింపవలెను. పై లింకు ఉన్న ఎత్తున తగిలించి లాగినచో ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడును.

మనవైపు ట్రాలీలలో ఎక్కువ వాటికి బ్రేకులు లేవు. ఆపు భారమంతయు ట్రాక్టరుదే. వేగము రెండింతలైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగును. కావున దిగుడులో న్యూట్రలు చేయరాదు, పైన ఉండగానే చిన్న గేరు వేసికొని దిగవలెను. పొలములో విడివిడిగా వాడు ఎడమ కుడి బ్రేకు పెడళ్ళను రోడ్డు ఎక్కక ముందే కొక్కెముతో కలిపివేయవలెను. ఒక్క ప్రక్క బ్రేకు పడినచో వెనుక ట్రాలీ ట్రాక్టరును ప్రక్కకు త్రోసి మడిచివేయును.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత కీసర చుట్టు వాహనముల వేగము పెరిగినది. దాని ప్రధాన రహదారిపై ట్రాక్టర్లకు అనుమతి లేదు, మనము నడచునది సర్వీసు రోడ్ల మీద, ఊరి దారుల మీద. అక్కడ కూడ రాత్రి వేళ దీపము లేని ట్రాలీ వెనుక మోటారు సైకిలువాడు వచ్చి కొట్టుకొనుచున్నాడు. వెనుక రెండు ఎర్ర దీపములు, మలుపు దీపములు వేయించి, తలుపు అంచున ఎర్ర రేడియం పట్టీ అంటింపవలెను. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 1960ల ప్రారంభములో పొలము యంత్రముల వెనుక తగిలించుటకు నారింజ రంగు త్రికోణపు గుర్తును రూపొందించినారు. చుట్టు ఎర్ర అంచు ఉండు ఆ గుర్తును చూడగానే ముందున్నది మెల్లగా నడచు బండియని వెనుకవానికి దూరమునుండియే తెలియును. మా ట్రాలీకి దానిని రేకు ముక్కపై రేడియం కాగితముతో చేసి బిగించినాము.

పని మార్చి మొదటి వారమునకు ముగిసినది. 8వ తేదీన మహాశివరాత్రి. ఇంటిల్లిపాదిని ట్రాలీలో కూర్చుండబెట్టి కీసరగుట్ట జాతరకు తీసికొని పోవలెనని ఆయన కుమారుని ఉబలాటము. తండ్రి ఒప్పుకొనలేదు. "అందుల మనుషులు కూసునుడు ఇక బంద్" అని, అందరిని బస్సులో పంపించినారు.

ఏప్రిల్‌లో వడ్లు తోలిన మొదటి రోజున నేను వెంట వెళ్ళినాను. అయిదు కిలోమీటర్లు పోయిన పిదప ఆపి, రెండు హబ్బుల మీద చేయి పెట్టి చూచినాము. ఎడమది గోరువెచ్చగా ఉన్నది. కుడిది చేయి నిలుపలేనంత వేడి. నట్టు కొంచెము ఎక్కువ బిగిసినది. అక్కడనే చెట్టు నీడన చక్రమునకు రాళ్ళు పెట్టి, దిమ్మెలపై లేపి, పిన్ను తీసి నట్టును ఒక గాడి వెనుకకు వదలి, సంచిలో తెచ్చుకొన్న కొత్త పిన్ను వేసినాము. కొనుగోలు కేంద్రము చేరిన తరువాత మరల చూచినాము. రెండును సమానముగా ఉన్నవి. చక్రముల నట్లను 50 కిలోమీటర్లు నడచిన పిదప ఇంకొకసారి బిగింపవలెనని చెప్పి వచ్చినాను.

2018లో కాలు విరిగిన ఆ కూలి మనిషి ఆనాడు వడ్ల బస్తాలు ఎత్తుటకు వచ్చియున్నాడు. ట్రాలీ కదలక ముందు అతడు వంగి పిన్నును, లాకును చేతితో కదిపి చూచి, ట్రాక్టరు వెనుక నడచి వచ్చినాడు.